కావలి మాస్టారికి: కుక్కలతో కారవాన్‌లోనే ఉండిపోవడం గురించి

మాస్టారూ, నమస్తే. మీరు రాసింది కుదించి చెప్పుకుంటే ఇదీ: రిటైరయ్యారు, పిల్లలు దూరాన ఉన్నారు, కావలిలో ఇల్లు అమ్మేసి ఆ డబ్బుతో కారవాన్ (మంచం, వంటిల్లు ఉన్న బండి) కొనుక్కుని, మీరూ మేడమ్ గారూ తొమ్మిదేళ్ల లాబ్రడార్నీ రెండేళ్ల నాటు కుక్కనీ ఎక్కించుకుని ఇక బండిలోనే ఉండిపోవాలనీ, వెళ్లిన చోటల్లా వాటితో కలిసి కొండలెక్కాలనీ ఆలోచన. బండి ఏది కొనాలి, నెలకు ఎంతవుతుంది, నల్లమలలో కుక్కలతో ట్రెక్కింగ్ కుదురుతుందా అని కూడా అడిగారు.

ఇల్లు మాత్రం అమ్మకండి. అద్దెకిచ్చినా మొత్తం ఇవ్వకండి. కింద ఒక గది, బాత్రూమ్, బండి నిలిపేంత జాగా మీ చేతిలో ఉంచుకోండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మేము కందుకూరు వాళ్లం, బండి నేనే నడుపుతాను, మా ఆయన వంటా లెక్కలూ చూసుకుంటాడు, కొన్నేళ్లుగా ఏడాదిలో ఎక్కువ భాగం ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్‌లోనే గడుపుతున్నాం, వెంట చిట్టి, కర్రోడు అని రెండు నాటు కుక్కలు. అయినా ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి మేము ఇంట్లో ఉంటాం, లేదంటే నాలుగు వేల అడుగుల పైన ఎక్కడో ఉంటాం. మధ్యస్థంగా ఇంకో దారి లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు, ఆ ఎండలో రేకు బండిలో మనిషే ఉండలేడు, బొచ్చు కోటు వేసుకున్న జంతువు ఎట్టా ఉంటుంది?

యూట్యూబ్‌లో వీడియోలు చూసి వచ్చేవాళ్లందరూ సోలార్ ఎన్ని వాట్లు, బాత్రూమ్ ఎంత పెద్దది అని అడుగుతారు. కుక్కలున్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా అవి ఎక్కడ ఉంటాయి? దీనికి జవాబు దొరికితే మిగతావన్నీ దాని వెనకే సర్దుకుంటాయి. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు నడవాలి, ఏ నెలలో ఏ ఊరు, ఎంత బ్యాటరీ, అన్నీ.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పి పోగొట్టుకోవాల్సిందే. చుట్టూ ఉన్న గాలే వేడిగా, ఉక్కగా ఉంటే ఆ రొప్పు కూడా పనిచేయదు. మన కోస్తాలో ఉక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు. అమెరికా పశువైద్యుల సంఘం వాళ్ల పట్టిక ప్రకారం బయట 35 డిగ్రీలుంటే మూసిన కారు లోపల పది నిమిషాల్లో 45 దాటుతుంది, అరగంటలో 54కి దగ్గరవుతుంది. అద్దం రెండు వేళ్లు దించి పెడితే పెద్ద తేడా ఏమీ రాదు. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 చిల్లర. అది 41కి చేరితే ప్రాణం మీదికొచ్చినట్టే. లాబ్రడార్ తొమ్మిదేళ్లది అంటున్నారు, కాస్త ఒళ్లు చేసి ఉంటుంది కూడా, అలాంటిదానికి ఇంకా తొందరగా తగులుతుంది.

అందుకే మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఎండ ఉన్నంతసేపూ ఇద్దరం కలిసి బండి వదిలి వెళ్లం. ఒకరు దిగితే ఒకరు లోపల. వినడానికి చిన్న మాటే కానీ బతుకంతా దీని చుట్టూ తిరుగుతుంది మాస్టారూ. పెంచలకోనలో నేను దర్శనం చేసుకుని వస్తే ఆయన వెళతాడు. బ్యాంకు పనైనా, పెళ్లి పిలుపైనా, హోటల్ భోజనమైనా వంతులే. నెల్లూరు వచ్చామంటే చేపల పులుసు పార్సిల్ తెచ్చుకుని బండిలో కూర్చుని తింటాం, కుక్కలు పక్కనే కూర్చుని మా నోళ్ల వంక చూస్తుంటాయి, వాటికి పెట్టం, ఉల్లిపాయా వెల్లుల్లీ వాటికి విషం, ముల్లు గొంతులో ఇరుక్కుంటే ఇంకో తంటా. వాటికి పెరుగన్నం, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు. మేడమ్ గారికి ఈ వంతుల పద్ధతి ఇష్టమేనా, ముందే మాట్లాడుకోండి. ఎక్కడికైనా ఇద్దరూ కలిసే వెళ్లడం అలవాటైన జంటలకు ఇది సోలార్ కంటే, బాత్రూమ్ కంటే పెద్ద సమస్య.

‘ఏసీ పెట్టేస్తే పోలా’ అని అందరూ అంటారు. లెక్క చూడండి. చిన్న ఇన్వర్టర్ ఏసీ సగటున 700 వాట్లు తాగిందనుకుందాం, ఎనిమిది గంటలకు 5,600 వాట్ అవర్లు. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 2,500. అంటే రెండు బ్యాటరీలు కూడా ఒక రాత్రికి చాలవు, వాటిని మళ్లీ నింపడానికి కావలసినన్ని ప్యానెళ్లు బండి పైకప్పు మీద పట్టడం కష్టం. అదే 400 వాట్ల ప్యానెల్ అయితే మన ఎండకు రోజుకు 1,600 దాకా ఇస్తుంది. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్, రెండు 12 వోల్టుల ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, నీళ్ల మోటారు, అన్నీ కలిపి 1,300 లోపే. హాయిగా సరిపోతుంది. కాబట్టి సోలార్ ఫ్యాన్ల కోసం, ఏసీ ప్లగ్గు దొరికిన చోట మాత్రమే. లాడ్జి ఆవరణలోనో, తెలిసినవాళ్ల ఇంటి ముందో, కళ్యాణ మండపం పక్కనో యూనిట్ల లెక్కన డబ్బులిస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని పడుకోవడం మాత్రం వద్దు, పొగ లోపలికి వచ్చిందంటే నిద్రలోనే పోతాం, మనకంటే ముందు కుక్కలు పోతాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పకుండా పెట్టించండి, ఖరీదు పెద్దగా ఉండదు. పాత లెడ్ యాసిడ్ ఇన్వర్టర్ బ్యాటరీ చవగ్గా వస్తుందని పెట్టించుకోవద్దు, ఒక్కోటి యాభై అరవై కిలోలు బరువు, అందులో సగమే వాడుకోగలం.

గ్యాసుకు ఐదు కిలోల చిన్న సిలిండర్ చాలు, కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ దొరుకుతుంది. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, కుక్కలు పడుకునేదీ అక్కడే. సిలిండర్ పెట్టే అరమర కింది భాగంలో బయటికి రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

నీళ్ల గురించి ఒక్క మాట. వంద లీటర్ల ట్యాంకు అంటే వంద కిలోలు, అది గుర్తుపెట్టుకుని బండి సర్దుకోండి. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకూ తెలుసు. మనం తాగం, కానీ కుక్కలకు ఆ నీళ్లే పోసేస్తారు చాలామంది. నెలల తరబడి అటే తిరిగేటట్టయితే వాటికి కూడా ప్లాంటు క్యాన్ నీళ్లే పొయ్యండి. ముప్పై కిలోల కుక్కకు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు కావాలి, కొండెక్కిన రోజున దానికి రెట్టింపు.

ఇక కొండల సంగతి. మీరు అన్నిటికంటే ఉత్సాహంగా రాసింది దీని గురించే, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నల్లమలలో కుక్కలతో ట్రెక్కింగ్ అనే ఆలోచన పూర్తిగా మానుకోండి. దోర్నాల దాటాక మీరు అడుగుపెట్టేది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో, దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్ అది. అందులోకి పెంపుడు కుక్కను తీసుకెళ్లి నడిపించడం కుదరదు. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం, అది ఒక ఎత్తు. మన కుక్క వల్ల అడవికి ముప్పు ఇంకో ఎత్తు. 2018లో గిర్ అడవిలో వారాల వ్యవధిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది, కుక్కల్లో వచ్చే జబ్బే అది. టీకాలన్నీ వేయించాం కదా అని మీరనొచ్చు, కానీ గేటు దగ్గర ఉన్న గార్డుకు ఏ కుక్కకు వేయించారో ఏ కుక్కకు లేదో ఎట్టా తెలుస్తుంది? దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వదలరు, కాబట్టి చెక్‌పోస్టు దగ్గర చీకటిపడితే ఇవతలే ఆగాలి. అడవి చూడాలనుకుంటే కుక్కల్ని మార్కాపురంలో చుట్టాల ఇంట్లో ఉంచో, ఒకరిని బండిలో కాపలా పెట్టో, తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ వాళ్ల సఫారీకి వెళ్లి రండి.

పెంచలకోన చుట్టుపక్కల కూడా ఇదే. గుడి వెనక వెలిగొండ అడవంతా పెనుశిల నరసింహ అభయారణ్యం. జలపాతాల వైపు వెళ్లాలంటే కుక్కల్లేకుండానే. పైగా అక్కడ కోతులు కుక్కను చూస్తే గుంపుగా మీద పడతాయి, తాడు పట్టుకున్న మన చేతికి కూడా పళ్లు దిగొచ్చు.

మరి కుక్కలతో ఎక్కడ నడవాలి? ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చేది ఉదయగిరి. 1514లో కృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి గజపతుల చేతుల్లోంచి తీసుకున్న దుర్గం, కొండ సుమారు మూడు వేల అడుగులు. పైన పాడుబడ్డ గోడలు, మసీదు, దొరువులు, అక్కడి నుంచి చూస్తే చుట్టూ కొండల వరస. వెళ్లేముందు ఊళ్లో అడిగి, ఏ దారిన ఎక్కుతున్నారో అటవీ శాఖ వాళ్లకు చెప్పి వెళ్లండి. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకానే వెళ్లాలి. వెలుతురు రాకముందే బయలుదేరి తొమ్మిదిన్నరకల్లా వెనక్కి తిరగాలి, శిఖరం చేరినా చేరకపోయినా. ఆ మెట్ల రాళ్లు పది దాటితే కాలిపోతాయి. అరచేతి వెనకభాగం రాయి మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీ చెయ్యి ఉండలేకపోతే దాని పాదమూ ఉండలేదు. మీ నాటు కుక్క గంతులేస్తూ ఎక్కుతుంది. లాబ్రడార్‌ని కింద కోట గోడల దాకా తిప్పి బండిలో పడుకోబెట్టండి, పాపం దానికి అదే ట్రెక్కింగ్. ఎక్కేటప్పుడు మన సరదాకి అది వెంట వస్తుంది, ఆగమని చెప్పదు, లాబ్రడార్ల స్వభావమే అంత, పడిపోయేదాకా వస్తాయి.

భైరవకోన చంద్రశేఖరపురం మండలంలో. కొండ తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. కార్తీక పౌర్ణమికీ శివరాత్రికీ జనం కిక్కిరిసి ఉంటారు, ఆ రోజుల్లో కుక్కలతో అటు తలపెట్టకండి. మామూలు రోజున గుహల దగ్గరికి వంతులు వేసుకుని వెళ్లి, పొద్దున్నే కొండ కిందికొచ్చే రోడ్డు వెంట కుక్కలతో నడవొచ్చు. కంభం చెరువు కట్ట మీద పొద్దున నడక చాలా బాగుంటుంది, ముసలి కుక్కకు సరిగ్గా సరిపోయే చదును దారి, గేదెలు ఎదురొచ్చినప్పుడు మాత్రం తాడు బిగించి పట్టుకోండి.

బీచ్‌ల గురించి జనం తేలిగ్గా తీసుకుంటారు. మైపాడు, కొత్తపట్నం రెండూ పొద్దున ఎనిమిదిలోపు బాగుంటాయి. ఉప్పునీళ్లు తాగనివ్వకండి, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. తెగిన వలలు, గాలాలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపలు ఉంటాయి, వాటిల్లో బంతిలా ఉబ్బే రకం ఒకటి ఉంటుంది, దాన్ని నోట పెట్టుకుంటే కుక్క బతకడం కష్టం. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. కుక్కలు ఆ గుంటలు తవ్వేస్తాయి. ఆ నెలల్లో రాత్రి బీచ్‌లో కుక్కను వదలడం అంటే నా దృష్టిలో తప్పు కాదు, నేరం.

కుక్కను తాడు లేకుండా ఎక్కడా వదలొద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఉదయగిరి, రాపూరు, కనిగిరి, పామూరు వైపు కొండ పక్క చేలల్లో అడవి పందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు లాగుతుంటారు. పగలు కనపడవు, రాత్రి ప్రాణం తీస్తాయి, కుక్కలవే కాదు మనుషులవి కూడా. చీకటిపడ్డాక చేల గట్ల మీద నడవకండి. సర్కారు తుమ్మ ముల్లు కుక్క పాదానికీ తగులుతుంది, టైరుకూ తగులుతుంది. పల్లేరు కాయలు వేళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. నడక అయిన ప్రతిసారీ టార్చి వేసి నాలుగు పాదాలూ, చెవుల లోపలా, చంకలూ తడిమి చూడండి. గోమార్లు దొరికేది ఆ సందుల్లోనే. అవి అంటించే టిక్ ఫీవర్‌లో కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కూడా రావొచ్చు. తొందరగా గుర్తిస్తే మందులకు లొంగుతుంది. గోమార్లు పట్టకుండా నెలకో, పన్నెండు వారాలకో ఒకసారి వేసే బిళ్లలున్నాయి, మీ డాక్టరునడిగి వాటి బరువుకు తగ్గది వేయించండి. రేబిస్ టీకా సరే, ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీళ్ల వల్ల వచ్చే లెప్టో జబ్బుకి కూడా టీకా వేశారో లేదో టీకాల పుస్తకంలో చూసుకోండి, మన రొయ్యల గుంటలూ వరి మడుల పక్క తిరిగే కుక్కకు అది చాలా ముఖ్యం. మీరిద్దరూ కూడా డాక్టరుతో మాట్లాడి రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకుంటే మంచిది, ప్రతి ఊళ్లోనూ వీధి కుక్కల గుంపు మీ కుక్కల మీదికే వస్తుంది, మధ్యలో కాలు పెట్టేది మీరే.

పాము కరిస్తే, ముఖ్యంగా రక్తపింజరి అయితే, మూతి గానీ కాలు గానీ గంటలోపే బాగా వాస్తుంది. కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ వద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని బండెక్కించి, ముందే ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న చోటికే తీసుకెళ్లాలి. ఆ ‘ముందే’ అన్నదే ముఖ్యం. మండలాల్లో పశువుల ఆసుపత్రులు ఉన్నాయి, వాళ్లు బర్రెలకూ గొర్రెలకూ బ్రహ్మాండంగా చేస్తారు, కుక్కల మందులు అన్ని చోట్లా ఉండవు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యం బండి వస్తుంది, అదీ ప్రధానంగా పాడి పశువుల కోసమే. పెద్ద జబ్బంటే నెల్లూరు, ఒంగోలులో కుక్కలు చూసే డాక్టర్లు, ఇంకా పెద్దదంటే తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రి. ఏ ఊళ్లో మకాం వేసినా దగ్గర్లో కుక్కలు చూసే డాక్టరు నంబరు మొదటి రోజే తీసుకుని గోడకు అంటించడం మా ఆయన పని.

వడదెబ్బ గురించి కూడా చెప్పి ముగిస్తాను ఈ భాగాన్ని. రొప్పు ఆగకపోవడం, చిగుళ్లు ముదురు ఎరుపు, జిగురులాంటి చొంగ, తూలడం, వాంతి. వెంటనే నీడలోకి తెచ్చి మామూలు నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కిందా తొడల మధ్యా పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. మలద్వారంలో పెట్టే థర్మామీటరు ఒకటి బండిలో ఉంచుకోండి, 39.5కి దిగాక నీళ్లు పోయడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లేచి తోకాడించినా వెళ్లాలి, లోపల కిడ్నీలు దెబ్బతిన్న సంగతి మర్నాటికి గానీ బయటపడదు.

రాత్రి ఆగే చోట్ల గురించి టెన్షన్ పడకండి, అడిగితే మనవాళ్లు కాదనరు. పదహారో నంబరు హైవే మీద పెద్ద బంకుల్లో వెలుతురు, టాయిలెట్, సీసీ కెమెరాలు ఉంటాయి, కానీ రాత్రంతా లారీల మోత, కుక్కలు నిద్రపోవు. నాకైతే పల్లెల్లో స్కూలు ఆవరణ పక్కనో, పంచాయతీ ఆఫీసు ముందో, సర్పంచికి చెప్పి ఆగడం ఇష్టం. రొయ్యల గుంటల గట్ల మీద చెప్పకుండా ఆగొద్దు, దొంగలనుకుంటారు, కాపలా కుక్కల్ని వదులుతారు. వాగుల్లో, పెన్న ఇసుకలో, చెరువు అలుగు కింద అస్సలు వద్దు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, హైవే తెగింది, ఇక మన బండి ఏపాటి? ఆ మూడు నెలలు మేము పడమటికో తెలంగాణ వైపో జరిగిపోతాం. ఎండాకాలానికి హార్స్‌లీ హిల్స్ మనకు దగ్గర. ఊటీ, కొడైకెనాల్ అనుకుంటే ముందు ఈ-పాస్ తీసుకోండి, 2024 మే నుంచి బయటి బండ్లకు అది ఉండాలి.

బండి విషయానికొస్తే, మీ ఇద్దరికీ రెండు కుక్కలకీ ట్రావెలర్ సైజు చాలు, అంతకంటే పెద్దది పల్లె రోడ్లలో తిరగదు. లోపల నిటారుగా నిలబడగలగాలి, అది మాత్రం రాజీ పడకండి, నడుము వంచి వంట చేస్తూ వారం దాటి ఉండలేరు. మొత్తం బరువు 7,500 కిలోల లోపయితే మీ మామూలు కారు లైసెన్సు (ఎల్ఎంవి) సరిపోతుంది. లాబ్రడార్‌కి మెట్టు ఎత్తు పెద్ద ఇబ్బంది, ఆ వయసులో రోజుకు పదిసార్లు దూకితే కీళ్లు పోతాయి. ఆరడుగుల మడత ర్యాంపు, దాని మీద గరుకు మ్యాట్, లోపల నేల మీద జారని షీటు, ఇవి సోఫా కంటే ముందు పెట్టించండి. బండి కదిలేటప్పుడు కుక్కలు బెల్టుకు తగిలించిన హార్నెస్‌లోనో బిగించిన బోనులోనో ఉండాలి. కిటికీలకు ప్లాస్టిక్ జాలీ వద్దు, గోళ్లతో చించేస్తాయి, స్టీలు జాలీ వేయించండి. టాయిలెట్ కింది డబ్బా ఊడదీసి ఖాళీ చేసే రకం చాలు, రెండు మూడు రోజులకోసారి ఏ బంకు టాయిలెట్లోనో పోసి కడుక్కోవచ్చు, కాలవల్లో మాత్రం పోయకండి.

నెల ఖర్చు మీ కాలి కింది యాక్సిలరేటర్‌లోనే ఉంటుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు పది వచ్చినా వంద లీటర్ల డీజిల్, అంటే సుమారు పదివేలు. మూడు వేలు తిరిగితే ముప్పై వేలు. తిండి ఇంట్లో అయినంతే. ఒకే చోట పది పదిహేను రోజులు ఉండిపోయేవాళ్లకు పెన్షన్‌లో మిగులుతుంది, కుక్కలకూ అదే నచ్చుతుంది, రోజుకో ఊరంటే అవి తిండి మానేస్తాయి. కుక్కల వైద్యానికి విడిగా ఒక యాభై వేలు ఖాతాలో ముట్టుకోకుండా ఉంచండి. టోల్‌కు 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాస్ వచ్చింది, మొదలుపెట్టినప్పుడు మూడు వేలకు రెండు వందల దాటుళ్లు, సొంత కారు, జీపు, వ్యాన్ తరగతికి మాత్రమే. మీ బండి ఏ తరగతిలో రిజిస్టరయిందో దాన్ని బట్టి వస్తుందో రాదో తేలుతుంది.

ఆ రిజిస్ట్రేషన్ దగ్గరే చాలామంది మోసపోతున్నారు. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్‌ని కేంద్రం 2004 నవంబరు నోటిఫికేషన్లోనే నాన్ ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో పెట్టింది, మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రమాణం కూడా ఉంది. కానీ షెడ్డులో ప్రయాణికుల బండినో సరుకు బండినో తీసుకుని సీట్లు పీకి మంచాలు వేసి అమ్మేవాళ్లు ఆర్సీని ఆ తరగతికి మార్పించరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అలాంటి మార్పు చేయడం కుదరదు. ఆర్సీలో ఒకటీ బండిలో ఒకటీ ఉంటే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. పక్క రాష్ట్రం నంబరు చవగ్గా వస్తుందంటే అదీ ఆలోచించుకోవాలి, ఇక్కడ ఏడాది దాటి ఉంచితే మళ్లీ మన రిజిస్ట్రేషన్, మన లైఫ్ టాక్స్.

కొనేముందు ఒక పని చేయండి. జనవరిలో ఒక వారం కారవాన్ అద్దెకు తీసుకోండి, ఎక్కడికీ దూరం పోవద్దు, మొదటి రెండు రాత్రులు కావలిలో మీ ఇంటి ముందే నిలిపి నలుగురూ అందులో పడుకోండి. తర్వాత ఉదయగిరి, భైరవకోన, కంభం, ఆ చుట్టు చుట్టి రండి. లాబ్రడార్ రాత్రి లేచి ఎన్నిసార్లు దిగమంటుందో, నాటు కుక్క ప్రతి చప్పుడుకీ మొరుగుతుందో లేదో, మేడమ్ గారికి నిద్ర పడుతుందో లేదో ఆ వారంలో తెలిసిపోతుంది. లాబ్రడార్‌కి పడకపోతే దాని కోసం ఇంకో రెండు మూడేళ్లు ఆగి, అప్పటిదాకా శీతాకాలం ప్రయాణాలతో సరిపెట్టుకోండి. నేనైతే అట్టాగే చేస్తాను.

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ బండి ఒకటి చూశామని రాశారు కదా, అడ్వాన్సు ఇవ్వకముందు దాని ఆర్సీలో వాహన తరగతి అన్న చోట ఏం రాసి ఉందో చూసి ఇక్కడ పెట్టండి. తయారైన సంవత్సరం, లోపల ఎత్తు ఎన్ని అడుగులో కూడా.